ఉత్త నీళ్ళ ఎలుకలు

ఇనోకుమా గారికి కోపం తప్ప మరో ముఖం ఉందని క్యోటోలోని మా ప్రయోగశాలలో ఎవరికీ తెలియదు. ఎలుకలను చూసుకునేది ఆయనే, ఆ గది ఆయన ఏలుబడి. తలుపు గట్టిగా వేస్తే తిట్టేవారు. మెల్లగా వేస్తే, దొంగలా వస్తావేమని తిట్టేవారు. నేను చేరిన రోజు, సెంటు వాసన వస్తోందని బయటికి పంపి మెడ కడిగించారు. కడుక్కొస్తే, తడిగా ఉన్నావని మళ్ళీ పంపేశారు.

మా ప్రొఫెసర్ కుజుహారా గారు ముసలి ఎలుకల మెదడు కణాలను నాలుగడుగులు వెనక్కి, పడుచుదనం వైపు నడిపించే పనిలో ఉండేవారు. వారానికి రెండు రోజులు నీళ్ళలో మందు కలిపితే, ఆ ఎలుకల్లో ముందే అమర్చిన జన్యువులు మేలుకుంటాయి. కణం తన వయసు మరిచిపోతుంది. మోతాదు మించితే తన పని కూడా మరిచిపోతుంది. ఇది విని ఇనోకుమా గారు మండిపడ్డారు.

"మతిమరుపు పోగొట్టడానికి కణాలకి మతిమరుపు తెప్పిస్తారా? ఇదేం చదువండీ?"

మా ప్రొఫెసర్ గారూ తక్కువ కాదు, ఆవిడా కోపిష్ఠే. ఆరు నెలలు ఇద్దరికీ మాటల్లేవు. కావలసినవి నాతో చెప్పించుకునేవారు, తిట్లతో సహా.

ఇరవై ముసలి ఎలుకలకు మందు, పోల్చి చూడడానికి మరో ఇరవైకి ఉత్త నీళ్ళు. చివరికి పరీక్ష పెట్టాం. తొట్టిలో నీటి కింద దాగిన మెట్టు ఎక్కడుందో గుర్తుపెట్టుకుని ఈదాలి. మందు ఎలుకలు చకచకా ఈదాయి. సంబరపడ్డాం. ఉత్త నీళ్ళ ఎలుకలూ అంతే చకచకా ఈదాయి. ప్రొఫెసర్ గారు చేతిలో పెన్ను విరిచేశారు.

మర్నాడు పొద్దున ఆవిడ వెంట ఎలుకల గదికి వెళ్ళాను. తలుపు అద్దంలోంచి చూస్తే, ఇనోకుమా గారు బల్ల మీద అట్ట గొట్టాలతో సందులు కట్టి, ఉత్త నీళ్ళ ఎలుకలను వదిలి, ఒక్కోదాన్నీ తిడుతున్నారు.

"నిన్న కూడా ఎడమకే పోయావు. మళ్ళీ అటే పోతావేం, బుర్ర లేదా?"

కుజుహారా గారు తలుపు తోసుకుని లోపలికి వెళ్ళారు. మూడేళ్ళ కష్టం బూడిదలో పోశారని అరిచారు. ఆయన తగ్గలేదు.

"వాటికి మందుంది. వీటికేముంది, ముసలితనం తప్ప? ఆడించకూడదని ఎక్కడ రాసుంది?"

నిబంధనల పుస్తకంలో రాసుంది. ఆవిడ పేజీ తీసి చూపించారు. ఆయన కళ్ళజోడు పెట్టుకుని చదివి, ఇది రాసినవాళ్ళకి మనసు లేదన్నారు. రాసింది ఆవిడే.

ఆవిడ స్టూలు మీద కూలబడి, బల్ల మీది గొట్టాలను ఒక్కొక్కటే లెక్కపెట్టారు.

"అయితే ఉత్త ఆటకే ఇవి ఇంత చురుకయ్యాయన్నమాట. రోజూ ఎంతసేపు ఆడించారు?" అని అడిగి, జవాబు రాసుకున్నారు.

రెండో విడతలో కొత్తగా తెచ్చిన నలభై ముసలి ఎలుకలనూ ఆడించాం, మందు మాత్రం ఇరవైకే ఇచ్చాం. తేడా మందు ఒక్కటే. ఈసారి మందు తాగినవి కాస్త ముందుగా మెట్టు చేరాయి. కాస్తే అయినా నిజంగానే ముందు. కుజుహారా గారు నవ్వడం మొదటిసారి చూశాను.

ఇనోకుమా గారికి మాత్రం కోపం దిగలేదు. ఓడిపోయిన ఇరవై ఎలుకలనూ వరసగా నీళ్ళలోంచి తీసి, పొట్ట దగ్గర దాచి వెచ్చబెట్టిన తువ్వాలుతో తుడుస్తూ, పేరుపేరునా చీవాట్లు పెట్టారు.

వాటికి పేర్లున్నాయని మాకు అప్పుడే తెలిసింది.