కారు లోపల అవ్వ, బయట పెళ్లికూతురు

మా చిన్నప్పుడు... ధర్మవరంలో మా మగ్గాల వీధిలోకి కారు వచ్చిందంటే చాలు, పిల్లలం అన్నాలు వదిలేసి పరుగెత్తేవాళ్లం. అలాంటిది ఒకసారి మా గుమ్మం ముందే అంబాసిడర్ ఆగింది! మా నాగరత్నత్తను పెళ్లికి తీసుకుపోవడానికి కళ్యాణదుర్గం నుంచి మగపెళ్లివారు పంపిన బండి. పెళ్లికొడుకు మేనమామది. డ్రైవర్ మాబన్న దాని మీద ఈగను కూడా వాలనిచ్చేవాడు కాదు.

ముందు నాయన. వెనక అత్త, నేను, మా అవ్వ. అవ్వంటే నాయనకూ అత్తకూ తల్లి. చెవులు బాగా మందం. కారెక్కడం అదే మొదలు. పుట్టింటి తాళిబొట్టు ఉన్న పళ్లెం ఒళ్లో పెట్టుకుని, దుమ్ము పడుతుందని అద్దాలన్నీ ఎత్తించింది.

సగం దారిలో, వేరుశనగ చేల మధ్య ఇంజను వేడెక్కి పొగలు కక్కింది. అందరం దిగాం. తాళి పళ్లెంతో నడిరోడ్డు మీద నిలబడనని అవ్వ మాత్రం దిగలేదు.

మాబన్నకో అలవాటు... పిల్లలు తలుపులు తీస్తారని దిగేముందు అన్నింటికీ లోపలి గడియ నొక్కేసేవాడు. ఆ రోజూ అలాగే నొక్కి తలుపు వేశాడు. బావి నీళ్లు తెచ్చి పోసి, జేబు తడుముకుని, కొయ్యబారిపోయాడు.

"అన్నా... తాళంచెవి లోపలే ఉండాది," అన్నాడు నాయనతో.

ఇంకేముంది... అవ్వా, గడియ తియ్యమని అందరం అరిచాం. అవ్వ నవ్వింది. ఇటు తిప్పు, అటు లాగు అని చేతులు ఊపాం. అవ్వ కూడా ఊపింది!

ఇంతలో కళ్యాణదుర్గం పోయే బస్సు ఆగింది. జనమంతా దిగి కారు చుట్టూ మూగారు. ఒకరు తీగ దూర్చమన్నారు. ఇంకొకరు తలుపు ఎత్తి కుదపమన్నారు. రంగు లేచిపోతుందని మాబన్న చేతులు అడ్డం పెట్టి బతిమాలుతున్నాడు. లోపల అవ్వేమో, ఇంతమంది తనను చూడ్డానికే వచ్చారనుకుని అందరికీ దండం పెడుతోంది.

కానీ ఎండ ఎక్కుతోంది... అవ్వ కొంగుతో మొహం తుడుచుకోవడం మొదలుపెట్టింది. ముహూర్తం సంగతి అప్పుడు ఎవరికీ గుర్తులేదు. నాయన వంగి రాయి తీసుకున్నాడు. వియ్యాలవారి కారు అద్దం పగలగొట్టి పెళ్లికి పోతే ఏమనుకుంటారో... అయినా తీసుకున్నాడు.

"రాయి కింద పెట్టన్నా," అంది అత్త. "అమ్మకు తెలిసే మాట నేను చెప్తా."

పట్టుచీరతో, బాసికంతో, రోడ్డు మీదే అద్దానికి ఎదురుగా గొంతుక్కూర్చుంది. ఎడమచేత్తో దారం పట్టినట్టు పట్టి, కుడిచేత్తో గాల్లోనే రాట్నం తిప్పింది. మా ఇంట్లో అవ్వ రోజూ పట్టు దారం చుట్టే రాట్నం... అవ్వ చూసింది. చటుక్కున ముందుకు జరిగి, తిప్పడానికి తన పక్కన ఏముందా అని వెతికింది. అద్దం దించే పిడి చేతికి తగిలింది. ఒకవైపు తిప్పింది, కదల్లేదు. రెండోవైపు తిప్పింది...

అద్దం దిగింది!

బస్సు జనమంతా చప్పట్లు. అవ్వ తల బయట పెట్టి అత్తను చూసి, "పెండ్లి పూట నీకు రాట్నం యాడ గుర్తొచ్చిందే?" అంది. నాయన మొహం తిప్పుకుని కళ్లు తుడుచుకున్నాడు. మాబన్న చెయ్యి లోపలికి పెట్టి గడియ తీశాడు. కారు మీద ఒక్క గీత లేదు.

ఇంజను పూర్తిగా చల్లబడేదాకా ఆగి బయల్దేరాం. బస్సు మాకంటే ముందే పోయి కథంతా చెప్పేసింది. మేం చేరేసరికి పెళ్లింటి వాళ్లంతా నవ్వుతూ ఎదురొచ్చారు. పెళ్లికొడుకే వచ్చి అవ్వ వైపు తలుపు తియ్యబోయాడు. అవ్వ ఆగమని చెయ్యి చూపించింది. తీరిగ్గా అద్దం దించి, "ఇంక తియ్యప్పా," అంది.

ముహూర్తం దాటలేదు. మేళగాళ్లు కూడా నవ్వు ఆపుకుంటూనే వాయించారు.

ఇప్పుడు ఆ దారి మీద ఎన్ని కార్లో... ఎవరిదైనా ఆగిపోయి కనిపిస్తే, ఫోన్ చేసుకుంటారులే అనుకుని పక్కనుంచి పోతున్నాం. ఒక బస్సు బస్సంతా దిగి, తలా ఒక సలహా చెప్పి, మన సంతోషాన్ని మనకంటే ముందు ఊళ్లోకి మోసుకుపోయే రోజులు అవి.

మీ ఇంట్లో మొదటిసారి కారెక్కిన పెద్దవాళ్లు ఎవరు? ఏం చేశారు? కింద రాయండి... చదువుతూ కాసేపు నవ్వుకుందాం.