కొసరు పాటల్లో వెళ్ళిన వైరస్

2007 వేసవి. మచిలీపట్నంలో కోనేరు సెంటర్‌కి కొంచెం లోపలగా నాకో కంప్యూటర్ రిపేరు షాపు ఉండేది. బోర్డు మీద ‘సిస్టమ్స్’ అని బహువచనంలో రాయించాను గానీ లోపల ఉన్నది ఒకే సిస్టమ్. నా పనిలో అయితే ఆ ఒక్క సిస్టమ్, అంటే ఒక పద్ధతి, కూడా లేదు.

ఆ రోజుల్లో మా వృత్తిలో ఒక ఆచారం ఉండేది. ఎవరింట్లో రిపేరు చేసినా, లేచే ముందు మన పెన్ డ్రైవ్ పెట్టి నాలుగు సినిమా పాటలు వేసి రావాలి. కూరగాయలమ్మి చారెడు కొత్తిమీర కొసరు వేసినట్టన్నమాట. గుడివాడైనా అవనిగడ్డైనా, పాటలు వేయని మెకానిక్‌ని రెండోసారి పిలిచేవారు కాదు. నా పెన్ డ్రైవ్ ఎప్పుడూ తాయెత్తులా నా మెడలోనే వేలాడుతూ ఉండేది.

రహిమున్నీసా గారు ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరయ్యారు. మా అందరికీ సిస్టర్ గారే. ఆవిడ భర్త ఖాదర్ గారు పెడన కలంకారీ అద్దకాలకు చెక్క అచ్చులు చెక్కిన మనిషి. ఆయన గీసిన డిజైన్ల కాగితాలకు చెదలు పడుతుంటే సిస్టర్ గారు వాటిని స్కాన్ చేయించి కంప్యూటర్‌లో దాచారు. తర్వాత కాగితాలు పూర్తిగా పాడైపోయాయి. హైదరాబాద్‌లో ఒక బట్టల వ్యాపారి డిజైన్లు నచ్చితే ఏడాదంతా పని ఇస్తానన్నాడు. సిస్టర్ గారు పంపిన సీడీలో వైరస్ ఉందని తెరవకుండానే పక్కన పడేశాడు. శుక్రవారంలోగా శుభ్రమైన సీడీ అందకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తానన్నాడు. సోమవారం ఆవిడ నన్ను ఇంటికి పిలిపించారు.

“చెక్కడానికి మా అల్లుడున్నాడు బాబూ. గీత మాత్రం ఈయనదే. ఇక ఈయనకు చూపు ఆనదు, గీయలేరు. కాస్త జాగ్రత్తగా చూడు,” అన్నారు సిస్టర్ గారు.

చూస్తే ఫోల్డర్లన్నీ మాయం. వాటి స్థానంలో అవే పేర్లతో, అదే పసుపుపచ్చ బొమ్మతో దొంగ ఫోల్డర్లు. నిజానికి అవి ప్రోగ్రాములు. ఫోల్డరే కదా అని నొక్కామా, వైరస్‌ని మనమే స్వయంగా లేపినట్టు. అసలు ఫోల్డర్లను అది చెరపదు, కనపడకుండా దాస్తుందంతే. నా పెన్ డ్రైవ్‌లోంచి యాంటీవైరస్ ఎక్కించాను. లొంగలేదు. సి డ్రైవ్ ఫార్మాట్ చేశాను, అంటే మొత్తం తుడిచి విండోస్ కొత్తగా వేశాను. డిజైన్లున్న డి డ్రైవ్‌ని మాత్రం తుడవకుండా, దొంగ ఫోల్డర్లను ఒక్కొక్కటిగా ఏరేశాను. డిజైన్లు బయటపడ్డాయి. ఖాదర్ గారి కోసం నాలుగు పాత పాటలు వేసి, ఒకటి వినిపించి, షట్ డౌన్ చేసి వచ్చేశాను.

మర్నాడే ఫోన్. “మళ్ళీ వచ్చింది బాబూ.”

మళ్ళీ వెళ్ళాను. మళ్ళీ అదే ఫార్మాట్, అదే ఏరివేత, ఇంకో నాలుగు పాటలు. రెండు రోజులకు మళ్ళీ ఫోన్. ఈసారి గురువారం. ఆ సాయంత్రం కొరియర్‌కి సీడీ ఇవ్వకపోతే పని చేజారినట్టే.

నాకు చిరాకొచ్చింది. “సిస్టర్ గారూ, ఏమీ అనుకోకండి. మీ వాళ్ళెవరో పెన్ డ్రైవ్ పెడుతున్నారు. లేకపోతే ఇలా రాదండీ.”

ఆవిడ లోపలికెళ్ళి ఒక నోటు పుస్తకం తెచ్చారు. వార్డులో కేస్ షీటు రాసినట్టు నేను చేసిందంతా వరసగా రాసి ఉంది.

“మా ఇంట్లో ఎవరూ ఏమీ పెట్టలేదు. సోమవారం నువ్వు వచ్చావు, తుడిచావు, పాటలు వేశావు. మంగళవారం నువ్వే, తుడిచావు, పాటలు వేశావు. తుడిచాక దీన్ని ముట్టుకున్నది ఒక్కటే, నీ మెడలో ఉన్నది. మా వార్డులో ఒకసారి ఒకే జ్వరం మంచం తర్వాత మంచానికి పాకింది. రోగుల్ని, నీళ్ళని, అన్నాన్ని అనుమానించాం. చివరికి చూస్తే చేతులు కడుక్కోకుండా తిరుగుతున్నది మేమే. నీ చేతులు చూశావా బాబూ?”

మంచం మీంచి ఖాదర్ గారు, “పోనీలేవే, కుర్రాడు మంచి పాటలే వేశాడు,” అన్నారు.

పెన్ డ్రైవ్ పెట్టి, మౌస్‌తో తెరవకుండా, దాచిన ఫైళ్ళు కూడా చూపించే కమాండ్ టైపు చేశాను. పాటల పక్కనే కూర్చుని ఉంది వైరస్. సోమవారం యాంటీవైరస్ కోసం రోగమున్న సిస్టమ్‌లోనే ఈ పెన్ డ్రైవ్ పెట్టాను కదా, అప్పుడే అంటుకుంది. తుడిచిన ప్రతిసారీ పాటలతోపాటు తిరిగి ఎక్కించాను. రీస్టార్ట్ చేస్తేగానీ దాని గుణం బయటపడదు. నేనేమో షట్ డౌన్ చేసి, దణ్ణం పెట్టి వచ్చేస్తున్నాను.

“నేనేనండీ,” అన్నాను.

“సరే, ఇప్పుడు పని చూడు. టైము లేదు.”

పెన్ డ్రైవ్‌ని ఖాళీ చేసి, అన్నీ మొదట్నుంచి చేశాను. సీడీ రాసే ముందు నాలుగుసార్లు రీస్టార్ట్ చేశాం. సీడీని కొరియర్ కౌంటర్‌లో నేనే ఇచ్చి వచ్చాను. శనివారం సిస్టర్ గారే ఫోన్ చేశారు. “తెరుచుకుందట. డిజైన్లు బాగున్నాయట. మొదటి విడత అచ్చులు మొదలుపెట్టమన్నాడు.” నేను ఊపిరి పీల్చుకునేలోపే, “ఈ వారంలో ఇంకెన్ని ఇళ్ళకి వెళ్ళావు?” అని అడిగారు.

తొమ్మిది. ఆవిడ చెప్పినట్టే కాగితం మీద రాసుకుని తిరిగాను. మంగినపూడి దారిలో ఒకటి, గుడివాడలో రెండు, మిగతావి మచిలీపట్నంలోనే. ఆరింట్లో వైరస్ ఉంది. మొదటి గుమ్మంలో “ఊరికే చూసిపోదామని వచ్చానండీ” అన్నాను. లోపలికి వెళ్ళాక నాకే సిగ్గేసింది. రెండో గుమ్మం నుంచి ఉన్నమాట చెప్పాను. గుడివాడలో ఒకాయన, “నీ జబ్బుని మాకంటించి, మళ్ళీ డాక్టరులా వచ్చావా బావా!” అని ఎగతాళి చేసి, కాఫీ ఇచ్చాడు. ఇంకొకరు కాఫీ ఇవ్వలేదు, నన్ను మళ్ళీ పిలవలేదు.

ఆ తర్వాత సాధనాలన్నీ సీడీ మీదికి మార్చుకున్నాను. ఒకసారి రాసేసిన సీడీలోకి బయటి వైరస్ ఎక్కడానికి వీలుండదు. అది సులువైన మార్పు. కష్టమైనది ఇంకొకటి. ఒక రిపేరు పదే పదే వెనక్కి వస్తుంటే, “మీరేం చేశారండీ?” అని అడిగే ముందు, నేనేం చేశానో వరసగా కాగితం మీద రాస్తాను. రాస్తుంటే చెయ్యి తడబడే చోటు ఒకటి వస్తుంది. చాలాసార్లు తప్పు అక్కడే దొరికింది.