అమ్మ నాలుగు రోజులు అడిగిన మాట

దయ్యాల కథలు చెప్పేవాళ్లను ఏడిపించడం నాకు సరదా. ఇప్పటికీ దయ్యాలున్నాయని నేననను. కానీ ఎల్బీ నగర్‌లో ఒక దవాఖానలో, పట్టపగలు, నలుగురి మధ్య జరిగిన ఈ సంగతి మాత్రం నాకు అంతుపట్టలేదు.

మాది నల్గొండ వైపు లంబాడీ తండా. నా చిన్నప్పుడే మీర్‌పేట్‌కు వచ్చేశాం. అప్పటికే ముప్పై దాటిన అమ్మకు తెలుగులో పట్టుమని పది మాటలు రావు. దిల్‌సుఖ్‌నగర్‌లో కూరగాయలమ్ముతూ, కొనేవాళ్ల దగ్గర ఒక్కో మాటా నేర్చుకుంది.

ఏడో తరగతిలో నేనో ఘనకార్యం చేశాను. "దోస్తులొస్తే గా తండా మాటలు మాట్లాడకు, నా ఇజ్జత్ పోతది" అన్నాను. 'యాడీ' అని పిలవడం మానేసి 'అమ్మా' అన్నాను. ఆ రోజు నుంచి ఆమె ఇంట్లో కూడా తెలుగే మాట్లాడింది. నేనా భాష మరిచిపోయాను. పైగా గర్వపడ్డాను.

పోయినేడు అమ్మకు పక్షవాతం వచ్చింది. తెలుగు మొత్తం పోయి, తండా భాష ఒక్కటే మిగిలింది. పెద్దయ్యాక నేర్చుకున్న భాష ఒక్కోసారి ఇట్లాగే ముందు పోతుందని డాక్టరు చెప్పాడు.

నాలుగు రోజులు నన్ను ఒకే మాట అడిగింది. అర్థం కాక తలూపాను. మా మేనమామకు ఫోన్లో వినిపిస్తే నిమిషంలో చెప్పేవాడు. చేయలేదు. పక్క మంచం మా కాలనీవాళ్లది. నలభై ఏళ్లొచ్చినా నాకు అదే సిగ్గు.

ఐదో రోజు మధ్యాహ్నం అమ్మ శుభ్రంగా తెలుగులో అడిగింది. "కొడుకా, నీ దోస్తులు పోయిన్రా? ఇగ నేను మాట్లాడొచ్చా?"

నాకు ఏడుపాగలేదు. "మాట్లాడు యాడీ. ఎవరున్నా మాట్లాడు" అన్నాను.

అమ్మకు తెలుగు తిరిగొచ్చిందని మా ఆవిడతో సంబరంగా చెప్పాను. ఆమె నన్ను వింతగా చూసింది. డాక్టరుకు చూపిద్దామని పక్కనుంచి అప్పుడే ఫోన్లో తీసిన వీడియో పెట్టింది. అందులో తెలుగు ముక్క లేదు. అమ్మ మాట్లాడింది తండా భాష, నాలుగు రోజులుగా అడుగుతున్న అదే మాట. నేను గడగడా జవాబు చెప్పిందీ అదే.

మేనమామ వచ్చి విన్నాడు. నాకు వినపడిన మాటలే పొల్లుపోకుండా తెలుగులో చెప్పాడు. "మన మాట ఎప్పుడు నేర్చినవ్ రా?" అన్నాడు.

చిన్నప్పుడు విన్నది లోపలెక్కడో ఉండి ఉంటుందన్నాడు డాక్టరు. ఉంటే మళ్లీ ఎందుకు రాలేదు? ఆ వీడియోలో నా గొంతు నాకే అర్థం కాదు.

ఆ తర్వాత అమ్మ మూడు రోజులు బతికింది. మెలకువగా ఉన్నంతసేపూ మాట్లాడుతూనే ఉంది. మేనమామ నవ్వుతూ, ఏడుస్తూ విన్నాడు. నేను పక్కనే కూర్చున్నాను. ఒక్క ముక్కా అర్థం కాలేదు.