పడుకుంటే బాగున్న గుండె

2012లో నారాయణఖేడ్‌లోని ఒక చిన్న ప్రైవేటు దవాఖానలో స్టాఫ్ నర్సుగా ఉన్నాను. ఈసీజీ, అంటే గుండె కొట్టుకునే తీరును కాగితం మీద గీసే పరీక్ష, నేనే తీసేదాన్ని. ఆ పని నాకు బాగా వచ్చని కాస్త పొగరు కూడా ఉండేది.

మా వీధి చివరి బడిలో డ్రిల్ సారు దేవదానం ఒకరోజు తన పదకొండేళ్ల కూతురు రూతును తీసుకొచ్చాడు. పరుగెత్తితే చాలు, పిల్ల స్పృహ తప్పి పడిపోతోంది. నానమ్మ మూర్ఛ అనుకుని చేతిలో ఇనుప తాళంచెవులు పెట్టేది. కాసేపటికి పిల్ల తనంతట తానే లేచేది, పేరు తాళంచెవులకు దక్కేది. దేవదానానికి ఆ నమ్మకమూ లేదు.

"గీ పోరికి రోగం గీగం ఏం లేదు సిస్టర్. ఉరుకుమంటె నఖరాలు చేస్తది. డ్రిల్ సారు బిడ్డ గిట్ల పడ్తుంటె నాకెంత నామోషి" అన్నాడు.

పిల్లను మంచం మీద పడుకోబెట్టి ఈసీజీ తీశాను. గీత ఎక్కడా వంక లేకుండా వచ్చింది. డాక్టరు చూసి నార్మల్ అన్నారు. నేను ఊరుకోక, ఏమీ లేదు, మనసు గట్టి చేసుకుని పరుగెత్తు అని పిల్లకు బుద్ధి చెప్పాను.

కొద్ది రోజులకే బడి పిల్లలందరితో పాటు ఆమెనూ పరుగెత్తించాడు తండ్రి. చేతుల మీద మోసుకొచ్చేసరికి నాడి అందలేదు. డాక్టరూ నేనూ మార్చి మార్చి ఛాతీ నొక్కితే దేవుడి దయ వల్ల ప్రాణం నిలిచింది.

హైదరాబాద్‌లో ట్రెడ్‌మిల్ టెస్ట్ చేశారు. కదిలే పట్టీ మీద నడిపిస్తూ ఈసీజీ తీసే పరీక్ష అది. వేగం పెరగగానే లయ తప్పింది. తర్వాత జన్యు పరీక్షలో అసలు సంగతి తేలింది. గుండె కండరంలో కాల్షియాన్ని పట్టి ఉంచే కాల్‌సీక్వెస్ట్రిన్ అనే ప్రోటీన్ ఉంటుంది. దాని జన్యువులో వచ్చిన చిన్న మార్పు వల్ల ప్రోటీన్ ఆకారమే చెడింది. కుట్టు ఊడిన గోనెసంచిని కదపకుంటే గింజలు నిలుస్తాయి, ఎత్తితే కారిపోతాయి. ఇదీ అంతే. పరుగుకో భయానికో కాల్షియం కారి గుండె గతి తప్పుతుంది. దేవదానం దంపతులది మేనరికం. తమకు జబ్బు లేకపోయినా ఆ మార్పు ఇద్దరిలోనూ చెరో పాలు ఉంది, రెండు పాళ్లూ బిడ్డకు చేరాయి.

రిపోర్టు అర్థం కాక తండ్రీకూతుళ్లు నా దగ్గరికే వచ్చారు. అంతా విడమరిచి చెప్పి, రోజూ మాత్ర వేసుకోవాలనీ, పరుగు మానాలనీ అన్నాను.

"అయితె నేను నాటకం చేయలేదా సిస్టర్?" అని అడిగింది రూతు.

లేదమ్మా అన్నాను.

"అందరు అంటుంటె నిజంగనె చేస్తున్ననేమో అనుకున్న. మీరు ఏం లేదన్నరు గదా, గందుకె ఆ దినం మస్తు జోరుగ ఉరికిన."

దేవదానం మొహం కప్పుకుని బయటికి వెళ్లిపోయాడు. ఆ పిల్ల ఎదుట కూర్చున్న నేను సిగ్గుతో చితికిపోయాను. పడుకున్న గుండెను చూసి పరుగెత్తే గుండెకు హామీ ఇవ్వకూడదని అప్పుడు తెలిసింది. తండ్రి బలవంతానికే పరుగెత్తిందని అంతవరకూ నన్ను నేను సమాధానపరచుకున్నాను. ఆ బిడ్డ నా మాట నమ్మి పరుగెత్తింది.