ఎర్రసిరా పేర్లు

బోధన్‌లో మా డాక్టర్ సాబు దవాఖాన చిన్నదే. ముందర రెండు బల్లలు, లోపల ఒక మంచం, పక్కన నా మందుల గది. పందొమ్మిదివందల అరవైల్లో నేనక్కడ కంపౌండర్‌ను. చెరుకు నరికే కాలం వచ్చిందంటే చేతులు తెగినవాళ్లు, కాళ్లకు చీము పట్టినవాళ్లు తెల్లారేసరికే వరుస కట్టేవాళ్లు. అందరికీ సూదే కావాలి. గోళీలిచ్చి పంపితే అసలు వైద్యమే చేయనట్టు మొహం పెట్టేవాళ్లు.

మా సాబుకు చాదస్తం ఎక్కువని అప్పట్లో అనుకునేవాణ్ణి. సూదులు గడియారం చూసి మరిగించాలి. పెన్సిలిన్ ఇచ్చే ముందు ముంజేతి మీద చుక్కంత మందు ఎక్కించి అరగంట కూర్చోబెట్టాలి. దద్దులు లేస్తే మందు ఇవ్వకూడదు. ఆ మనిషి పేరు, ఊరు పుస్తకంలో ఎర్రసిరాతో రాయాలి. మళ్లీ ఎప్పుడొచ్చినా పుస్తకం చూడగానే తెలియాలని ఆయన ఉద్దేశం. ఆ పుస్తకం నా చేతిలో ఉండేది. నా అక్షరాలు గుండ్రంగా ఉంటాయని నాకు కొంచెం పొగరు కూడా.

ఒకరోజు రెంజల్ దిక్కు నుంచి ఒక రైతు, తన భార్యను తోడు తీసుకుని వచ్చాడు. చుక్క మందుకే ఒళ్లంతా దద్దులు లేచి, పెదవులు వాచి, కళ్లు తేలేశాడు. సాబు పరుగెత్తుకొచ్చి వేరే సూది వేసి గండం గట్టెక్కించారు. పేరు రాసిపెట్టమని నాకు చెప్పి లోపలికి పోయారు. అతనికింకా సోయి సరిగా రాలేదు. భార్యను అడిగాను. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నేల చూసింది. మొగుని పేరు పలికితే అతని ఆయుష్షు తగ్గుతుందని నమ్మే కాలం. మామూలుగా వరుసలో ఎవరో ఒకరు అందించేవాళ్లు. ఆ రోజు వాళ్ల ఊరివాళ్లెవరూ లేరు. వెనక జనం తోసుకొస్తున్నారు, నాకు విసుగొచ్చింది. పెద్దకొడుకు పేరేమిటంటే అది మాత్రం గబుక్కున చెప్పింది. ఆ పిల్లవాడి పేరు రాసి పక్కన ‘వాళ్ల బాపు’ అని చేర్చాను. పావుగంటకు అతను లేచి కూర్చుని మంచినీళ్లు తాగాడు, నాతో నాలుగు మాటలు మాట్లాడాడు. అప్పుడైనా అడగవచ్చు. అడగలేదు.

మరుసటి ఏడు చెరుకు కాలంలో అతను ఒక్కడే వచ్చాడు, పాదానికి కత్తి దిగి. అన్ని మొహాల్లో ఆ మొహం నాకు గుర్తు రాలేదు. కిందటిసారి సూది పడలేదని అతను చెప్పలేదు, నేను అడగలేదు. తన పేరు, ఊరు చెప్పాడు. పుస్తకం తిరగేస్తే ఆ పేరు ఎక్కడా లేదు. ముందు చుక్క మందు వేస్తాను, అరగంట కూర్చోవాలన్నాను.

“అన్నా, బస్సు పోతది. మల్ల పొద్దుమూకే దాక లేదు” అన్నాడు.

పుస్తకంలో లేనే లేడు గదా, ఇంకా అరగంట ఎందుకులే అనుకుని పూర్తి సూది వేసేశాను. గడప దాటకముందే కూలబడ్డాడు. సాబు ఎంత చేసినా మనిషి దక్కలేదు.

చేతులు కడుక్కుంటూ సాబు నన్ను అడిగారు. “టెస్టు పెట్టినవా?”

“పెట్టిన సార్. ఏం రాలె.”

జీవితంలో చాలా అబద్ధాలాడాను. అన్నీ కలిపినా దీని ముందు దిగదుడుపే.

దినాలయ్యాక భార్య వచ్చింది. ఆమె మొహం చూశాకే అతనెవరో నాకు గుర్తొచ్చింది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఆమె గడపలో కనబడగానే నా చేయి పుస్తకం మీదికి పోయింది. నిలదీస్తుందనే అనుకున్నాను. ఆమె తిన్నగా సాబు ముందుకు పోయి నిలబడింది.

“తప్పు నాదే సారు. ఆ దినం ఈ అన్న పేరడిగిండు. ఆయనకు ఆయుష్షు తక్కువైతదని నేనే నోరు తెరువలేదు.”

సాబు నా వైపు చూశారు. టెస్టు పెట్టలేదని, పేరు ఆ మనిషినే అడగకపోవడం నా బద్ధకమని చెప్పడానికి రెండు మాటలు చాలు. నేను తల వంచుకుని పుస్తకంలో ఏదో వెతుకుతున్నట్టు నటించాను. సాబు ఆమెను ఓదార్చి పంపారు.

ఆ తర్వాత సాబు మందు పడనివాళ్లకు ఎర్ర చీటీ రాసి చేతికివ్వడం మొదలుపెట్టారు. నేను గడియారం ముందు కూర్చుని, ఎవరెంత తొందరపెట్టినా అరగంటకు ఒక్క నిమిషం తగ్గనిచ్చేవాణ్ణి కాదు. ఎంత శ్రద్ధో చూడండని సాబు నలుగురిలో మెచ్చుకుంటే నాకు ఆ పూట అన్నం సయించేది కాదు.

పిల్లలకు జ్వరమొస్తే ఆమె మా దగ్గరికే తెచ్చేది. వరుసలో ఏ ఆడమనిషైనా మొగుని పేరు చెప్పడానికి వెనకాడితే తనే ముందుకొచ్చేది. “చెప్పు చెల్లె. నేను చెప్పకనే మా ఇంటాయనను సంపుకున్న” అనేది. ఆ మాట విన్నాక ఎవరూ దాచేవాళ్లు కాదు. మా పుస్తకంలో పేర్లన్నీ సరిగా పడ్డాయంటే అది ఆమె వల్లే. నాలుగైదేళ్లు ఆమె ఎదురుగా కూర్చుని ఆ పేర్లు రాసుకున్నాను. కాదమ్మా, నువ్వు కాదు అని ఒక్కరోజూ అనలేదు.