యేసయ్య చూసిన బావి సినిమా

ఆ సినిమా పేరు యేసయ్య చెవిన మొదట తన ఆటోలోనే పడింది. శామీర్‌పేట నుంచి మేడ్చల్ పోయే ఇద్దరు ఆడపిల్లలు వెనక సీట్లో కూర్చుని దారి పొడుగునా దాని గురించే మాట్లాడుకున్నారు. పెద్ద హీరో లేడంట, పాటలు లేవంట, కొత్త పిల్లలు తలా ఇంత వేసుకుని తీశారంట. కూలిన బావిలో ఇరుక్కుపోయిన ఒక మనిషి కథ. పేరు ‘ఇరవై గజాలు’.

"ఊపిరాడలేదే నాకు," అందొక పిల్ల.

యేసయ్య చేయి హ్యాండిల్ మీద జారింది. ఆటో ఒక పక్కకు ఒరిగి మళ్లీ దారికొచ్చింది. "ఏమైందన్నా?" అని వెనకనుంచి అడిగితే, "గుంత," అన్నాడు. అక్కడ గుంత లేదు.

తర్వాత ఆదివారం పాస్టరుగారు వాక్యం చెబుతూ ఆ సినిమా మాట ఎత్తారు. ఆ తర్వాత కూతురు రోజీ. తుర్కపల్లి దగ్గర మందుల కంపెనీలో పని చేస్తుంది. "మా లైన్ల అందరు సూసిన్రు బాపూ, ఏడ్వనోళ్లు లేరు," అంది. చివరికి పాత దోస్తు బాలేష్ ఇంటికొచ్చి మరీ చెప్పాడు. బాలేష్ అప్పటికే రెండుసార్లు చూశాడు.

"తమ్మీ, అది నీ కథనే. పైన దోస్తు ఉంటడు సూడు, రెండు రోజులు బావి ఒడ్డు ఇడువడు. నన్ను నేనే సూసుకున్నట్టైంది. నువ్వు సూడాలె. నీ పక్కన కూసోని మూడోసారి సూస్త."

యేసయ్య నవ్వాడు. రోజీ అప్పటికప్పుడే ఫోన్‌లో నాలుగు టికెట్లు తీసేసింది. ఆదివారం మధ్యాహ్నం ఆట, మేడ్చల్‌లో.

ఆ వారం రోజులు యేసయ్యకు అన్నం సరిగా సయించలేదు.

భయం అతనికి కొత్త కాదు. ఇరవై మూడేళ్లుగా దానితోనే కాపురం. లాల్‌గడి మలక్‌పేట్‌లో అతని ఇంటికి రెండు గదులున్నాయి గానీ, వానైనా చలైనా వరండాలోనే పడుకుంటాడు. లిఫ్టు ఎక్కడు. రోజీకి పచ్చకామెర్లు వచ్చి ఆస్పత్రిలో ఉన్నప్పుడు ఐదంతస్తులు రోజుకు ఆరుసార్లు మెట్లమీదే ఎక్కి దిగాడు. ఆటో కొనుక్కోవడం వెనక ఉన్న కారణం కూడా అదే. దానికి తలుపులుండవు. ఊళ్లో ఎవరికీ ఇది తెలియదు. భార్య సాలమ్మకు తెలుసు, కానీ ఆమె పెళ్లైన కొత్తలో ఒకసారి అడిగి, అతని ముఖం చూసి మళ్లీ అడగలేదు.

అంతకుముందు అతను బావుల పని చేసేవాడు. కరువు సంవత్సరాలు అవి. ఏ ఊళ్లో చూసినా ఎండిన బావుల్ని ఇంకా లోతు చేయించేవాళ్లు. బాలేష్ పైన క్రేను తిప్పేవాడు, యేసయ్య కిందికి దిగి మట్టి, రాళ్లు డబ్బాలోకి ఎత్తేవాడు. బాలేష్ రెండేళ్లు పెద్ద. ఒక తల్లి బిడ్డల్లా ఉండేవాళ్లు. ఆ ఏడే యేసయ్యకు సాలమ్మతో పెళ్లైంది. రావల్కోల్‌లో నరసింహ అనే రైతు బావి చేస్తుండగా ఒక పొద్దున బావి ఒడ్డు కూలింది. ఐదు గంటల తర్వాత యేసయ్యను బయటికి తీశారు. కాలు విరిగింది, ప్రాణం మిగిలింది.

ఊరికి తెలిసింది ఇంతే. ఈ కథ చెప్పే హక్కు కూడా మొదటినుంచీ బాలేష్‌దే. పెళ్లిళ్లలో, చావు భోజనాల దగ్గర, ఎక్కడ నలుగురు కూడినా అడిగి చెప్పించుకునేవాళ్లు. "అందరు ఆశ ఇడిసిన్రు, నేను ఇడువలే," అని మొదలుపెట్టేవాడు. యేసయ్య పక్కన కూర్చుని తల ఊపేవాడు. అలా తల ఊపినప్పుడల్లా అతని నోట్లోకి మట్టి రుచి వచ్చేది.

ఆదివారం ప్రార్థన అయ్యాక నలుగురూ బయల్దేరారు. సాలమ్మ, రోజీ, యేసయ్య ఆటోలో. బాలేష్ తన బండి మీద. అతనిప్పుడు ప్లాట్లు చూపించి అమ్మిపెట్టే పనిలో ఉన్నాడు, తెల్ల చొక్కా వేస్తాడు.

థియేటర్ తలుపు దగ్గర యేసయ్య కాళ్లు ఆగిపోయాయి. లోపలి చల్లగాలి, దాని వెనక నల్లటి చీకటి. రోజీ చేయి పట్టుకుని లాక్కుపోయింది. దారి పక్క సీటు అడిగి తీసుకున్నాడు. బయటికి పోయే ఎర్రదీపం ఎక్కడుందో చూసుకున్నాడు. ఎన్ని అడుగులో కూడా లెక్కేసుకున్నాడు, పదకొండు. లైట్లు ఆరిపోయాయి. తలుపులు మూసుకున్న చప్పుడుకు అతని వెన్ను మీంచి చెమట కిందికి పాకింది.

‘దేవా, లేసి ఉరుకకుండ సూడు. బిడ్డ ముందట ఉరుకకుండ సూడు.’

సినిమాలో బావి కూలింది. యేసయ్య కళ్లు మూసుకున్నాడు. గుండె చెవుల్లో కొట్టుకుంటోంది. ఇగ వస్తది, ఇగ వస్తది అనుకుంటూ కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాడు. ఎంతసేపటికీ ఏమీ రాలేదు. వీణలాంటిదేదో మెల్లగా మోగుతోంది. ఒక కన్ను తెరిచాడు.

బావిలో వెన్నెల పడుతోంది. హీరో గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ముఖాన అక్కడక్కడ మట్టి ఉంది గానీ పెదవులు శుభ్రంగా ఉన్నాయి. తన చిన్నతనం గురించి ఆకాశానికి చెప్పుకుంటున్నాడు. చాలాసేపు చెప్పాడు. తర్వాత తాను ప్రేమించిన పిల్ల గుర్తొచ్చింది, ఆమె పరుగెత్తే పసుపుచేను వచ్చింది. పైన దోస్తు ఒడ్డున కూర్చుని, "నేనున్నరా, నేనున్న," అని పిలుస్తూనే ఉన్నాడు. చుట్టూ ముక్కులు ఎగబీల్చే చప్పుళ్లు మొదలయ్యాయి.

యేసయ్య రెండో కన్ను కూడా తెరిచాడు. వేళ్లు వాటంతట అవే కుర్చీ వదిలేశాయి. ఇంటర్వెల్ దాకా చూసి, ఇంతేనా అనుకున్నాడు. బయటికెళ్లి సమోసా తిన్నాడు కూడా. తర్వాతి సగంలో ఒకసారి ఆవలింత వచ్చింది.

అప్పుడు పట్టుకుంది అసలు భయం. అది బావి భయం కాదు. ఇటు రోజీ ఏడుస్తోంది, ఆ పక్కన సాలమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంటోంది, ఆ చివర బాలేష్ భుజాలు కదిలేలా వెక్కుతున్నాడు. ముందు వరసలో మగవాళ్లు కూడా. బావి నుంచి లేచి వచ్చినవాడికి మాత్రం ఏమీ అనిపించడంలేదు. లోపల తనకు జరిగింది నిజమేనా? లేక ఇన్నేళ్లు తానే పెంచుకున్నాడా? అందరికీ బావి అంటే ఇదే అయితే, తాను ఉన్న చోటు ఏది? ఆ మాట ఎవరితోనూ అనలేకుండా చచ్చిపోతానేమోనన్న తలపు వచ్చింది. పైన తెరమీద దోస్తు తాడు కట్టుకుని దిగుతున్నాడు. జనం చప్పట్లు కొట్టారు.

బయట ఎండ కళ్లు చెదరగొట్టింది. టీ బండి దగ్గర నిలబడ్డారు. బాలేష్ ముక్కు తుడుచుకుని, యేసయ్య భుజం మీద చేయి వేసి, "ఎట్లున్నది తమ్మీ?" అన్నాడు.

"మంచిగనే ఉన్నది."

"మంచిగనే అంటె?"

"గింత పేరు చెప్పిన్రు గద. ఏందో అనుకున్న."

రోజీ ముఖం చిన్నబోయింది. "బాపూ, అవార్డులొచ్చినయ్ దానికి! నీకు నచ్చలేదా?"

"నచ్చకపోవుడు కాదు బిడ్డా. నాకేం కాలే. సల్లగ కూసొని సూసిన."

బాలేష్ నవ్వబోయి ఆగాడు. తన సొంత వంటను ఎవరో బాగాలేదన్నట్టు చూశాడు. "ఏం తక్కువైందిరా అండ్ల? పానం పెట్టి తీసిన్రు. ఆ దోస్తు యాక్టింగుకు నాకైతే పెయ్యి జలదరించింది. చెప్పు, ఏం లేదు అండ్ల?"

యేసయ్య టీ గ్లాసు కింద పెట్టాడు. ఏం లేదో అతనికి తెలుసు. ఆ మాట గొంతుదాకా వచ్చింది. దాన్ని మింగడం ఇరవై మూడేళ్ల అలవాటు. ఇప్పుడూ మింగుదామనే చూశాడు. కానీ లోపల, ఆ చప్పట్ల మధ్య, పుట్టిన భయం అంతకంటే పెద్దదిగా ఉంది.

"మాటలు," అన్నాడు. "పైనుంచి వచ్చే మాటలు."

"ఏం మాటలు?"

"పాత మోటరు పైపు ఉండె గద అన్నా, గోడెంబడి. అది నా చెవుకు ఆనుకొని ఉండె. పెద్ద బండ ఏటవాలుగ పడ్డది, దాని కింద గంప పట్టేంత జాగల నేను. నోట్ల మట్టి. అరిస్తె ఇంకింత లోపలికి పోతాంది. నా సప్పుడు పైకి రాలే. మీ సప్పుడంత పైపులకెంచి నాకొచ్చింది. దగ్గినా ఇనవడ్డది."

బాలేష్ చేయి యేసయ్య భుజం మీంచి జారిపోయింది.

"నువ్వన్నవు అన్నా, ‘పానం పోయి ఎంతసేపైందో. జేసీబీ పెట్టి తోడున్రి, పీనుగన్న దొరుకుతది’ అని. తర్వాత జేసీబీ మోగింది. బండ కదిలింది. సన్నగ మట్టి నా కండ్లమీద పడుకుంట ఉన్నది. నేను బతికే ఉన్న. నన్ను బతికుండంగనే తోడుతున్నరు అనుకున్న."

రోజీ నోటికి చేయి అడ్డం పెట్టుకుంది. బాలేష్ అన్నాడు, "నాలుగు గంటలైండె తమ్మీ. ఇంకొకన్ని దింపితె ఆ ఒడ్డు కూడ కూలుతుండె. నాకు… నాకు కాళ్లు సేతులు ఆడలే. అందరు నన్నే సూస్తున్నరు, చెప్పు చెప్పుమని."

"నేను తప్పు పడతలేనన్నా."

"మరి జేసీబీ ఎట్లాగిందో తెలుసా నీకు?"

ఆ మాట అన్నది బాలేష్ కాదు, సాలమ్మ. అప్పటిదాకా కొంగు చేతిలో నలుపుతూ నిలబడి ఉంది. బాలేష్ అక్కడ లేడన్నట్టు, నేలకేసి చూస్తూ చెప్పింది.

"నేను ఆ పైపు పట్టుకొని కూసున్న. పట్టుకునేతందుకు నాకు ఇంకేం లేకుండె. అండ్లకెంచి టక్కు టక్కు అని తగిలింది సేతికి. బతికే ఉన్నడు అని మొత్తుకున్న. ఆడున్నోళ్లంత రావల్కోలోళ్లే, ఎవ్వరు నమ్మలే. పిచ్చి లేసింది పిల్లకు అన్నరు. పోయి జేసీబీ ముందట పండుకున్న. బాలేష్ బావ వచ్చి నా రెక్కలు పట్టి గుంజిండు. ఈడ్సుకుంట పోయిండు. నేను ఆయన సేయి కొరికి మళ్ల ఉరికిన. అప్పుడు నరసింహ పటేలు వచ్చి పైపుకు సేయి పెట్టి సూసిండు."

యేసయ్య భార్యవైపు చూశాడు. తాను రాయితో పైపును కొట్టడం అతనికి గుర్తుంది. ఒక చేయి విడిపించుకోవడానికి గోళ్లు ఊడిపోవడం కూడా గుర్తుంది. ఆ పైపు అవతలి కొసన ఎవరున్నారో ఈ రోజుదాకా తెలియదు.

"నాకెందుకు చెప్పలే?"

"నీ దోస్తు గద. బతికి వచ్చినోనికి మళ్ల ఉన్న దోస్తును ఎందుకు పోగొట్టాలె అనుకున్న."

టీ ఇచ్చే మనిషి ఇంకో గ్లాసు చాపితే బాలేష్ తీసుకోలేదు. బండి తాళం కోసం జేబులన్నీ తడుముకుని, తీసి, ఎవరివైపూ చూడకుండా వెళ్లిపోయాడు. రోజీ, "పెద్దబాపూ!" అని పిలిచింది. ఆగలేదు.

ఇంటికి వస్తుంటే యేసయ్యకు తాను చేసింది అర్థమైంది. చెప్పేశాడు. ఇన్నేళ్లు దాచినదాన్ని రోడ్డుమీద పోశాడు. అలియాబాద్ దగ్గర సిగ్నల్ పడితే ఆటో ఆపి, వెనక్కి తిరిగి సాలమ్మను చూశాడు. ఆమె రోజీ భుజం మీద తల పెట్టుకుని కళ్లు మూసుకుని ఉంది.

రెండు వారాలు బాలేష్ రాలేదు, ఫోను ఎత్తలేదు. యేసయ్య రోజూ అతని ఇంటి వీధి దాకా పోయి, ఆటో తిప్పుకుని వచ్చేవాడు. ఇంతకాలం అతను భయపడింది చీకటికి, మూసిన తలుపుకు. ఇప్పుడు ఒక మనిషి ఇంటి గేటు చూస్తే అదే భయం. మూడో శనివారం పొద్దున గేటు తీశాడు.

బాలేష్ భార్య కమలాబాయి ఎదురొచ్చింది. "మంచిగైంది వచ్చినవు. తిండి తింటలేడు, బయటికి పోతలేడు. ఏమైందంటె చెప్తలేడు."

వెనక పెరట్లో జామచెట్టు కింద మంచం మీద కూర్చుని ఉన్నాడు బాలేష్. గడ్డం మాసింది. యేసయ్యను చూసి లేవబోయి మళ్లీ కూలబడ్డాడు.

"ఏమన్నా అను తమ్మీ. కొట్టు. నేను అందరికి ఇంకోతీరు చెప్పుకుంట తిరిగిన. చెప్పంగ చెప్పంగ నాకు గదే నిజమనిపించింది. సాలమ్మ సేతులు గుంజింది ఒక్కటి మాత్రం మరువలే. మా ఇంట్ల ఎవ్వల సేయి పట్టినా గుర్తొస్తది."

"నేను తిట్టనీకి రాలే అన్నా. నువ్వు ఇగ రావేమోనని భయమై వచ్చిన."

బాలేష్ తల వంచుకున్నాడు. కమలాబాయి జొన్నరొట్టె, పచ్చి పులుసు తెచ్చిపెట్టి లోపలికి పోయింది. ఇద్దరూ చాలాసేపు రొట్టె ముక్కలు తుంపుతూ కూర్చున్నారు.

"లోపల ఎట్లుండె?" అన్నాడు బాలేష్ చివరికి. "నేను ఎన్నడన్న అడిగిన్నా నిన్ను? అడుగలే. ఇప్పుడు చెప్పు. మొత్తం."

యేసయ్య వెనక్కి చూసుకున్నాడు. పెరటి తడిక బార్లా తెరిచి ఉంది, అవతల చేను, చేనవతల కొత్త లేఅవుట్ తెల్ల రాళ్లు కనిపిస్తున్నాయి. మొదట బండ పడ్డ చప్పుడు దగ్గర మొదలుపెట్టాడు. మట్టి రుచి చెప్పాడు. దాహంతో తన చెమటనే నాకింది చెప్పాడు, ఒంటేలు బట్టల్లోనే పోయింది చెప్పాడు. మధ్యలో రెండుసార్లు ఊపిరి అందక ఆగిపోయాడు. ఆగినప్పుడల్లా బాలేష్ చెంబు అందించాడు. ఒక్కచోట కూడా అడ్డం రాలేదు. జేసీబీ దగ్గరికి వచ్చేసరికి చెంబు ఖాళీ అయింది.

"ఆపాల్నా?" అన్నాడు బాలేష్.

"వద్దన్నా, ఇంకా ఉన్నది," అని యేసయ్య చెప్పుకుంటూ పోయాడు.