జీవరత్నం మెనూలో లేనివి

"నా బటన్ ఏదిరా? ట్యాంకరు నాది, వెబ్‌సైటు నాది. నా బటన్ నాకే కనపడకపోతే ఎట్ల?"

"ఉందన్నా. నీకు కనపడదు, అంతే."

"నాకు కాకపోతే ఇంకెవరికి? మీ నాయనకా?"

"మా నాయనకు లాగిన్ లేదన్నా."

మార్కాపురంలో పలకల దుకాణం మీది గదిలోంచి ఈ కేకలు వినపడుతుంటే, కింద పలకలు కడుతున్న ఆడవాళ్లు పని ఆపి మరీ విన్నారు. అరుస్తున్నది పుల్లలచెరువు వైపు మూడు నీళ్ల ట్యాంకర్లు తిప్పే డేవిడ్. తిట్లు తింటున్నది అతనికి బుకింగ్ వెబ్‌సైటు చేసిపెట్టిన జీవరత్నం. ఈ జీవరత్నానికి ఉన్నది ఒకటే జబ్బు: ఆ నిమిషానికి దొరకని వస్తువు పేరు ఏ జాబితాలోనూ కనపడకూడదు.

ఒకసారి డేవిడే అతన్ని గిద్దలూరులో టిఫినుకు తీసుకుపోయాడు. బోర్డు మీద పద్నాలుగు రకాలు. పూరీ అడిగితే అయిపోయింది. వడ అయిపోయింది. దోసె అయిపోయింది. జీవరత్నం లేచి, బల్ల తుడిచే గుడ్డతో బోర్డంతా తుడిచేసి, ఉప్మా ఒక్కటీ మిగిల్చాడు. హోటలాయన గరిటె పట్టుకుని ఉరికొచ్చాడు.

"ఎవడ్రా నువ్వు? ఉప్మా కూడా అయిపోయింది!"

జీవరత్నం అదీ తుడిచేశాడు.

ఇంతకన్నా ఘోరం తన పెళ్లి కార్డు. ఆహ్వానించే పెద్దల్లో చనిపోయిన పెదనాన్న పేరుంటే కొట్టేయమన్నాడు. పెద్దమ్మ మగ్దలీనమ్మ నెత్తీనోరూ కొట్టుకుంది.

"మీ పెదనాయన పరలోకంలో లేడంట్రా?"

"ఉన్నాడు పెద్దమ్మా. అందుబాటులో లేడు."

ఇట్లాంటివాడికి వెబ్‌సైటు పని ఇవ్వడం డేవిడ్ చేసిన తప్పే. వెబ్‌సైటు కట్టే ఫ్రేమ్‌వర్క్ సాఫ్ట్‌వేర్‌తో పాటు రెడీమేడ్‌గా వచ్చే మెనూ తగిలిస్తే అరగంట పని. జీవరత్నం ఇరవై రోజులు తిన్నాడు. "మెనూ అంటే గోడకు కొట్టిన బోర్డు కాదన్నా, మనిషిని చూసి మాట్లాడాల" అని, ఎవరు తెరిచారో, వాళ్లకు ఏం చేసే వీలుందో చూసుకుని అప్పటికప్పుడు తయారయ్యే మెనూ కట్టాడు. డ్రైవరుకు దారి, ఊరివాళ్లకు బుకింగ్, డేవిడ్‌కు అన్నీ. ఒక్క 'రద్దు' తప్ప.

ఇవాళ అవసరం పడింది దానితోనే. దోర్నాలలో ఒక లాడ్జి ఆయన రేపు పొద్దున్నే ట్యాంకరు కావాలన్నాడు. మిగతా రెండు బండ్లకూ వేరే ఊళ్లున్నాయి, రేపటి మొదటి ట్యాంకరేమో కొండకింద కాలనీది. అది రద్దయితేగానీ బండి దోర్నాల వైపు తిరగదు. ఫోన్ చేసి చెబుదామంటే డ్రైవర్లు వినరు. "నా మాట వినొద్దు, ఫోన్‌లో ఏముంటే అదే చేయండి" అని వాళ్లకు గట్టిగా చెప్పింది డేవిడే. పోయిన ఎండాకాలం పూటకో మాట మార్చి బండ్లను అడవి చుట్టూ తిప్పిన ఘనుడు మరి.

"సరే, ఎప్పుడు కనపడి చస్తది?"

"కాలనీ తరఫున బుకింగ్ చూసే ఏసమ్మక్క, నీళ్లు దిగినయని నొక్కినాక."

"దిగినాక ఇంక రద్దెందుకురా, నా తలకాయ?"

"నేనూ అదే అనుకున్నానన్నా. అందుకే కనపడదు."

డేవిడ్ కుర్చీలో కూలబడ్డాడు. జీవరత్నం గొంతు తగ్గించాడు.

"పోయినేడు ఆ కాలనీకి మూడుసార్లు బండి రద్దు చేసినావు. సైటుకు ఫోటోలకని మొన్న పోతే చెప్పినారు. బండి వస్తాదని నువ్విచ్చిన కాగితంలో ఉంది కదా, మూడు రోజులు డ్రమ్ములకాడ కూచున్నారంట. రానిది ఉన్నట్టు చూపిస్తే మనుషులు కూచుంటారన్నా."

"నన్ను బాగా తిట్టినారా?"

"తిట్టలే. నీ బండి చెడిపోయిందని ఏసమ్మక్క వాళ్లు ఉపవాస ప్రార్థన పెట్టినారంట."

డేవిడ్ ముఖం చూడాల్సిందే. కాసేపు మీసం గోక్కున్నాడు. తర్వాత లాడ్జికి ఫోన్ కొట్టి బండి లేదన్నాడు.

"సైట్‌లో ఉన్నట్టే కనపడుతోందే?" అన్నాడు అవతలాయన.

జీవరత్నం టకటకా నొక్కి లాడ్జి వాళ్ల మెనూలోంచి రేపటి బండి తీసేశాడు. "ఇప్పుడు చూడమనన్నా."

"ఔను, ఇప్పుడు లేదే!" అన్నాడు అవతలాయన. డేవిడ్ ఫోన్ పెట్టేసి, తిడదామని నోరు తెరిచి, మానుకుని మెట్ల వైపు నడిచాడు. వెనకనుంచి జీవరత్నం పిలిచాడు.

"అన్నా, రేపు ఆ బండెక్కి నువ్వూ పో. ఏసమ్మక్కకు బటన్ ఎట్ల నొక్కాల్నో నువ్వే నేర్పు. 'మా ప్రార్థనకే నీ బండి బాగైంది' అంటాది. ఆ ఒక్క మాట కాదనొద్దు."